స్లాబు పోసేలోగా సోఫా ఎక్కడో తేల్చుకోండి

ఇల్లు కట్టుకోవాలని ఉన్నవాళ్ల ఫోన్ తెరిస్తే చాలు, హాలు మీద ఎన్ని ఆశలు పెట్టుకున్నారో తెలిసిపోతుంది. స్థలం రిజిస్ట్రేషన్ కూడా కాకముందే వేలాడే దీపాలు, బూడిదరంగు ఎల్ సోఫాలు, చెక్క పట్టీల టీవీ గోడలు స్క్రీన్‌షాట్లుగా పోగుపడి ఉంటాయి. తప్పేం లేదు. కాకపోతే ఆ బొమ్మల్లో కనిపించేవన్నీ ఆఖర్న కొనేవే. కుషన్ కవరు నచ్చకపోతే వచ్చే పండక్కి మార్చుకోవచ్చు. స్లాబులో ఫ్యాను బాక్సు తప్పు చోట పడితే మాత్రం ఇల్లున్నంత కాలం ఆ గాలి ఖాళీ నేలకే. అందుకని ఇక్కడ వరస తిరగేసి చెబుతున్నాను. స్లాబులోకి, గోడలోకి, నేలకిందికి పోయేవి ముందు. కంటికి కనపడేవి తర్వాత.

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఎండని, గాలిని, ఇక్కడి ఇళ్ల అలవాట్లని మనసులో పెట్టుకుని రాస్తున్నది ఇది. ఫ్లాటు కొనేవాళ్లకు ఇందులో మొదటి సగం కొంత చేజారిపోయి ఉంటుంది. బిల్డరు ఇంకా పునాదుల్లోనే ఉంటే అడిగి చేయించుకోవడానికి టైముంది, అడగండి.

హాల్లో ఏం జరుగుతుందో రాయండి

ఏ వస్తువులు కావాలో కాదు, ఏమేం జరుగుతాయో. పొద్దున్నే కాఫీ గ్లాసు, పేపరు పట్టుకుని నాన్న ఎక్కడ కూర్చుంటారు? ఆయనకు మోకాళ్ల నొప్పులుంటే 14 అంగుళాల ఎత్తు ఫ్యాషన్ సోఫాలోంచి లేవడానికి రోజూ ఎవరో ఒకరు చెయ్యందించాలి. కూర్చునే ఎత్తు 17, 18 అంగుళాలుంటే ఆయనంతట ఆయనే లేస్తారు. పిలకాయలు హోంవర్కు టీపాయి మీద చేస్తారా, నేల మీద బోర్లా పడుకుని చేస్తారా? మధ్యాహ్నం అమ్మ చేట పట్టుకుని బియ్యం ఏరుకునేది ఏ వెలుతుర్లో? దసరాకు బొమ్మల కొలువు పెట్టే ఇల్లయితే మెట్లకు ఐదడుగుల గోడ ఏది? రొట్టెల పండక్కి బయటూళ్ల నుంచి చుట్టాలు దిగితే రాత్రికి పడకలు హాల్లోనే కదా, ఎన్ని చాపలు పట్టాలి? పదిహేను ఇరవై వాక్యాలొస్తాయి. ఇంట్లో అందరి చేతా రాయించండి. ఎక్కువ సేపు హాల్లో ఉండేవాళ్ల మాటకు ఎక్కువ విలువ ఇవ్వండి. ఈఎంఐ కట్టేవాడు హాల్లో ఉండేది రాత్రి రెండు గంటలు.

ఇప్పుడు కొలతలకు వద్దాం. నెల్లూరులో స్థలం మాటొస్తే అంకణాలే. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు. రెండున్నర అంకణాల హాలంటే 180 చదరపు అడుగులు, 12 × 15. ఒంగోలు లెక్కలో 20 గజాలు. మామూలు కుటుంబానికి బాగా సరిపోయే హాలు, దాన్నే లెక్కగా పెట్టుకుందాం.

మూడు సీట్ల సోఫా దాదాపు 7 అడుగుల పొడవు, 3 అడుగుల లోతు ఉంటుంది. 15 అడుగుల గోడకు ఆనించి వేస్తే ఎదుటి గోడ దాకా 9 అడుగులు మిగిలింది. అక్కడ 15 అంగుళాల లోతు టీవీ యూనిట్ పెడితే మిగిలేది 7 అడుగుల 9 అంగుళాలు. సీమంతానికో, పేరంటానికో హాల్లో విస్తళ్లు వేశారనుకోండి. మఠం వేసుకుని కూర్చున్న మనిషికి రెండడుగులు, ఆకుకు ఒక అడుగు, అంటే వరసకు మూడడుగులు. ఎదురెదురుగా రెండు వరసలకు ఆరు. మధ్యలో వడ్డించేవాళ్లకు మిగిలేది ఒక అడుగు 9 అంగుళాలు. సాంబారు బకెట్టు పట్టుకుని ఆ సందులో వంగి చూడండి! అదే యూనిట్‌ని 9 అంగుళాల లోతుకు కుదిస్తే సందు రెండుంబావు అడుగులవుతుంది, పని జరుగుతుంది. ఇవాళ్టి టీవీ గోడకు అతుక్కునే ఉంటుంది, సెట్‌టాప్ బాక్సుకు 9 అంగుళాలు ధారాళం. ఇంకా లోతు కావాలనడం అలవాటే తప్ప అవసరం కాదు.

నా మాట అడిగితే, మన ఇళ్లలో హాలుకు అన్నిటికన్నా విలువైన అలంకారం ఖాళీ నేల. ఎల్ సోఫా వద్దనను. కానీ 9 × 6 ఎల్ సోఫా ఒకసారి మూలకు చేరిందంటే శ్రావణ శుక్రవారానికీ కదలదు, సంక్రాంతికీ కదలదు. ఒక మూడు సీట్ల సోఫా, ఎత్తి పక్కన పెట్టగల రెండు కుర్చీలు, ఒక దివాన్ కాట్. పడుకోవడానికీ పనికొస్తుంది, కింద పరుపులు దాచుకోవడానికీ పనికొస్తుంది.

మిద్దె మీద సుద్దగీతలు

కాగితం మీద గీసిన ప్లాను మోసం చేస్తుంది. అంగుళం బొమ్మలో సోఫా ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. ఇప్పుడుంటున్న అద్దింటి మిద్దె మీదికి ఒక సాయంత్రం ఎక్కండి. టేపు, సుద్దముక్కలు, పాత పేపర్లు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు చాలు. 12 × 15 గీత గీయండి. వీధి తలుపు ఎక్కడో గుర్తు పెట్టి, అది లోపలికి తెరుచుకునే మేర సుద్దతో వంపుగీత గీయండి. పడకగదుల తలుపులు, వంటింటి దారి, కిటికీలు అన్నీ గుర్తించండి. సోఫా కొలతకు పేపర్లు పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టండి.

తర్వాత అందులో కాపురం చేయండి. ఒకరు తలుపు తీసి లోపలికి రావాలి, చెప్పులు ఎక్కడ విడుస్తారో అక్కడ విడవాలి. ఒకరు వంటింటి వైపు నుంచి నీళ్ల గ్లాసుల ట్రే తేవాలి. అందరూ నడిచే దారి మూడడుగులకు తగ్గకూడదు. సోఫాకు టీపాయికి మధ్య ఒకటిన్నర అడుగు ఉంటే కాళ్లు పడతాయి, చెయ్యీ అందుతుంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎదుటి గీత వైపు చూడండి. మీ కళ్లకు టీవీకి మధ్య తొమ్మిది పది అడుగులు వస్తుంది. ఆ దూరానికి 55 నుంచి 65 అంగుళాల టీవీ సరిపోతుంది. టీవీ నడిమధ్య భాగం నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటే కూర్చున్న చూపుకు సమానంగా ఉంటుంది. చాలా ఇళ్లలో నిలబడ్డ మనిషి తలకన్నా ఎత్తులో బిగిస్తారు, దేవుడి పటంలాగా. మెడ నొప్పి ఖాయం.

ఈ పని ఆదివారం ఒక పూట తీసుకుంటుంది. పక్కింటి మిద్దె మీదివాళ్లు "ఏందబ్బా, ముగ్గులేస్తా ఉండారా?" అని అడుగుతారు. అడగనివ్వండి. పూర్తయ్యాక పైనుంచి ఫొటో తీసి ఇంజనీరుకు పంపండి. నోటితో గంట చెప్పినదానికన్నా ఆ ఫొటో పనికొస్తుంది.

ఎండ ఎటు, గాలి ఎటు

మే నెలలో సాయంత్రం నాలుగు గంటలకు మీ స్థలంలో నిలబడి చూడండి. పొద్దు ఏ మూలన ఉంది, పక్కిల్లు నీడ ఎంతవరకు పడుతోంది? హాలు పడమటి గోడ ఆ ఎండకు కాగితే రాత్రి పడుకునేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. సోఫా వీపు దానికి ఆనించకండి. పుస్తకాల అలమరో, షోకేసో ఆ గోడకు పెడితే వేడికి అడ్డంగా నిలబడుతుంది. బరువులు నైరుతి వైపు ఉండాలనే వాస్తు పట్టింపు ఉన్నవాళ్లకు ఇక్కడ రెండూ కలిసొస్తాయి. వాస్తు చూపించుకునేవాళ్లు కూడా స్లాబుకు ముందే చూపించుకోండి. టైల్స్ పడ్డాక వచ్చిన సలహాకు ఖర్చెక్కువ.

పడమర కిటికీ తప్పనిసరైతే దానిపైన సజ్జ కనీసం రెండడుగులు బయటికి రానివ్వండి. సాయంత్రపు వాలుటెండ సజ్జ కిందినుంచి దూరుతుంది కాబట్టి బయటివైపు వెదురు తడిక కట్టుకోవడానికి కొక్కేలు కూడా పెట్టించండి. ఎండని అద్దానికి బయటే ఆపాలి. అద్దం దాటి లోపలికొచ్చాక ఎంత దళసరి కర్టెను వేసినా ఆ వేడి హాల్లోనే ఉంటుంది.

ఇక్కడే ఈ జిల్లాల్లో రెండు రకాల ఊళ్లున్నాయి. కావలి, అల్లూరు, మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలి తగులుతుంది. ఉక్క, ఉప్పు, చెమ్మ. ఉదయగిరి, కనిగిరి, పొదిలి వైపు మెట్ట. పొడి వేడి, ఎర్రదుమ్ము. వట్టివేళ్ల తడికెలు తడిపి కట్టినా, కూలరు పెట్టినా గాలి పొడిగా ఉంటేనే చల్లబడుతుంది. కాబట్టి పొదిల్లో కూలరుకు కిటికీ దగ్గర చోటు వదలండి, బాగా పనికొస్తుంది. మైపాడు గాలి తగిలే ఇంట్లో అదే కూలరు ఒళ్లంతా జిడ్డు చేస్తుంది. అక్కడ ఎదురెదురు గోడలకు కిటికీలు, రెండు ఫ్యాన్లు, ఏసీ. సముద్రం దగ్గరైన కొద్దీ ఇనుప గ్రిల్లు, ఇనుప కర్టెన్ రాడ్లు, చవకరకం స్క్రూలు తుప్పు పడతాయి. స్టీలో, అల్యూమినియమో చూసుకోండి.

వర్షం సంగతి మర్చిపోతారు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపానుల్తో కలిసి. జల్లు తూర్పు, ఈశాన్యం కిటికీలను కొడుతుంది. కిటికీ కిందిరాయి బయటికి కాస్త వాలుగా, అంచు కింద నీళ్లు కారిపోయే గాడితో వేయించండి. లేదంటే సరిగ్గా ఆ కిటికీ కిందే, మీరు ముచ్చటపడి రంగేయించిన చోటే, చెమ్మ ఉబ్బులు లేస్తాయి.

స్లాబుకు ముందురోజు

సెంట్రింగ్ అయి, కమ్మీ కట్టడం పూర్తయి, రేపు కాంక్రీటు అనగా ఆ సాయంత్రం మీరు సైటు మీద ఉండాలి. సుద్దగీతల ఫొటో జేబులో ఉండాలి. ఎలక్ట్రీషియన్ అలవాటుగా గది కొలిచి నట్టనడుమ ఫ్యాను బాక్సు కట్టేస్తాడు. హాలు, డైనింగు కలిసి పొడుగ్గా ఉంటే ఆ నట్టనడుమ అనేది సోఫాకూ కాదు, భోజనాల బల్లకూ కాదు. సోఫా ముందంచు మీదికి గాలి పడేలా ఒకటి, మిగతా సగానికి ఇంకొకటి చెప్పండి. 15 అడుగుల హాలుకు 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, ఒక్క పెద్ద ఫ్యానుకన్నా మేలు. మూలన కూర్చున్నవాడికి కూడా గాలి తగులుతుంది. కరెంటు తక్కువ లాగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యానులైతే రెండూ కలిసి పాత ఫ్యాను ఒక్కటి కాల్చేంత కరెంటే కాలుస్తాయి.

ఉయ్యాల బల్ల ఆశ ఉన్నవాళ్లు ఈ సాయంత్రమే తేల్చుకోవాలి. కొక్కేలను స్లాబు కమ్మీలకు కలిపి కట్టించాలి, ఎక్కడ ఎంత బరువుకు అనేది ఇంజనీరు చెప్పాలి. తర్వాత డ్రిల్లు వేసి బిగించిన కొక్కేనికి ఇద్దరు పిలకాయల్ని వేలాడదీయడం నాకు ధైర్యం చాలదు. ఐదడుగుల బల్ల ఊగడానికి ముందు మూడడుగులు, వెనక మూడడుగులు కావాలి. 12 అడుగుల వెడల్పు హాల్లో అది దారిని మింగేస్తుంది. వరండాలో వేసుకుంటే గాలికీ బాగుంటుంది, వీధీ కనపడుతుంది.

గోడలు లేచాక, ప్లాస్టరింగుకు ముందు, గాడి కొట్టి పైపులు పెట్టే రోజు రెండో ముఖ్యమైన రోజు. టీవీ గోడకు టీవీ వెనక ఎత్తులో కొన్ని, కింద యూనిట్ ఎత్తులో కొన్ని, మొత్తం నాలుగైదు ప్లగ్గులు. పై బాక్సు నుంచి కింది బాక్సుకు గోడలో రెండంగుళాల పైపు ఒకటి వేయించండి. వైర్లన్నీ అందులోంచి దిగిపోతాయి, బయట వేలాడవు. ఇంటర్నెట్ తీగ కూడా అక్కడికే రావాలి. సోఫాకు రెండు పక్కలా ఛార్జింగుకు ఒక్కో ప్లగ్గు. ఏసీకి మీటరు బోర్డు నుంచి విడిగా లైను. కొలువు పెట్టే గోడ దగ్గర, ముందు గుమ్మం దగ్గర సీరియల్ లైట్లకు ఒక్కో ప్లగ్గు. ఇన్వర్టరు మీద ఏవి వెలగాలో అప్పుడే విడదీయించండి. తుపాను రాత్రి కరెంటు పోతే హాల్లో ఒక ఫ్యాను, ఒక లైటు, ఇంటర్నెట్ బాక్సు ఆగకూడదు.

2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు, కోవూరు వైపు ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. పల్లపు కాలనీల్లో కట్టుకునేవాళ్లు కింది ప్లగ్గుల్ని నేల నుంచి అడుగున్నర కాదు, మూడడుగుల మీదికి జరిపించండి. అందంగా ఉండదేమో గానీ ఆ కాలనీల్లో ఎవరూ అడగరు.

కాంక్రీటు పోసేముందు స్లాబుకు, ప్లాస్టరింగుకు ముందు ప్రతి గోడకు టేపు పెట్టి కొలత కనపడేలా ఫొటోలు తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో దాచండి. తర్వాతెప్పుడో పటానికి మేకు కొట్టేటప్పుడు పైపు ఎటు పోయిందో ఆ ఫొటోలే చెబుతాయి.

నేల

చీమకుర్తి గ్రానైటు రాయి దేశదేశాలకు పోతుంటే మన హాల్లో వేసుకోకపోతే ఎట్టా అనిపిస్తుంది. నల్లటి నునుపు మీద బంగారు చుక్కల బ్లాక్ గెలాక్సీ. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. అందులో అందానికి తక్కువేం లేదు, కానీ హాలంతా పరిస్తే చీపురు కింద పెట్టే పనుండదు. నల్లరాయి మీద ప్రతి దుమ్ము కణమూ, ప్రతి అరికాలి ముద్రా కనపడతాయి. కనిగిరి వైపు బోరునీళ్లలా ఉప్పు ఎక్కువున్న నీళ్లతో తుడిస్తే ఆరాక తెల్లటి చారలు కూడా. అదీగాక నలుపు వెలుతురు మింగేస్తుంది. కాబట్టి నేలకు లేతరంగు వేయించి, ఈ రాయిని తక్కువ చోట, వెలుగు పడే చోట వాడండి. కిటికీ కింది పలక, టీవీ కింద బల్ల, టీపాయి పైభాగం. కిటికీ ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు చుక్కలు వెలిగే తీరు చూడాలంటే అక్కడే చూడాలి.

రాయి ఎంచుకునేటప్పుడు షెడ్డులో ట్యూబ్‌లైటు కింద చూసి ఒప్పుకోకండి. బయట ఎండలోకి తీయించండి. బకెట్టు నీళ్లు పోయించి ఆరేదాకా అక్కడే నిలబడండి. మిగతా అంతా ఆరిపోయి ఒకచోట సన్నటి తడిగీత మిగిలితే అది పగులు. పాలిష్ కింద దాక్కుని ఉంటుంది. మామూలు రాయికి నల్లరంగు పట్టించి అమ్మడమూ ఉంది. దూదికి గోళ్లరంగు చెరిపే ద్రవం అద్ది గట్టిగా రుద్దితే, దూది నల్లబడిందంటే ఆ రాయి వద్దు. చుక్కల దట్టం పలకకీ పలకకీ తేడా ఉంటుంది, పక్కపక్కన పడేవి ఒకే దిమ్మెలోవి అడగండి.

హాలంతటికీ టైల్స్ అయితే లెక్క ఇది: 180 చదరపు అడుగులకు కోతల వృథా పదిశాతం కలిపితే 198. రెండు బై నాలుగు అడుగుల టైలు అని మనం పిలిచేది 600 × 1200 మిల్లీమీటర్లు. రెండుండే పెట్టె పదిహేనున్నర చదరపు అడుగులు పరుస్తుంది. 13 పెట్టెలు. పధ్నాలుగోది కొని అటక మీద పడేయండి, ఎందుకంటే అదే షేడు నంబరు మళ్లీ దొరకదు. మెరుపు టైలు కన్నా మ్యాట్ టైలు పెద్దవాళ్లున్న ఇంటికి నయం, తడి కాలు జారదు. పరిచేముందు చెదమందు కొట్టించారా లేదా కనుక్కోండి. తర్వాత అడిగి లాభం లేదు.

పైకప్పు, దీపాలు

ఫాల్స్ సీలింగు మీద నాకు పెద్ద మోజు లేదు. స్లాబు పదడుగుల ఎత్తుంటే 6 నుంచి 8 అంగుళాలు పోయినా ఫర్వాలేదు, తొమ్మిదిన్నర ఉన్న ఫ్లాట్లలో మాత్రం నెత్తిమీద కూర్చున్నట్టుంటుంది. కావాలంటే అంచుల వెంబడి ఒక పట్టీగా చేయించి నడుమ స్లాబు అట్టాగే వదిలేయండి. పై అంతస్తు స్లాబు చెమ్మ దిగేదైతే ముందు మిద్దె మీద వాటర్‌ప్రూఫింగ్, ఆ తర్వాతే ఇది.

గుండ్రటి చిన్న లైట్లు ఫ్యాను రెక్కల పైన పడకూడదు. రెక్కలు తిరుగుతుంటే వెలుతురు టపటపా కొట్టుకుంటుంది, పది నిమిషాలకే తలనొప్పి. తెల్లటి 6500 కెల్విన్ లైట్లు ఒక స్విచ్చు మీద, పసుపుపచ్చటి 3000 కెల్విన్ లైట్లు ఇంకో స్విచ్చు మీద పెట్టించండి. చదువుకి, బియ్యం ఏరడానికి మొదటివి, సాయంత్రం కబుర్లకు రెండోవి. ఒక మూల నిలువు దీపానికి ప్లగ్గు. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు తోలుతో చేసే దీపపు గొట్టాలు ఈ మూలకు బాగా నప్పుతాయి, లోపల వేడెక్కని ఎల్‌ఈడీ బల్బే వేయాలి.

చెక్కపని

సముద్రం వైపు ఇళ్లలో టీవీ యూనిట్‌కీ షోకేసుకీ ఐఎస్ 710 ముద్రున్న ప్లైవుడ్ అడగండి, అది నీళ్లకు ఆగే రకం. షోరూముల్లో తేలిగ్గా దొరికే రంపపుపొట్టు బోర్డులు ఒక్క వానాకాలం నేల తడికి అంచుల్లో ఉబ్బుతాయి. యూనిట్‌ని నేలకు ఆనించకుండా గోడకు ఎత్తి బిగిస్తే చీపురు, మాప్ కిందికి పోతాయి, నేల మీదికి కొద్దిగా నీళ్లొచ్చినా తడవదు.

సోఫా విషయంలో లోపలి చట్రం ఏ కర్రో కొట్టువాడు చెప్పకపోతే ఒకవైపు కాలు ఎత్తిపట్టండి. ఆరంగుళాలు ఎత్తేలోగా రెండో ముందుకాలు కూడా లేవాలి. లేవకుండా సోఫా మెలికపడితే చట్రం బలహీనం. ఊళ్లో మంచి వడ్రంగి దొరికితే టేకుతోనో, బాగా మాగిన వేప కర్రతోనో చేయించుకోవడం ఉత్తమం. వేప కర్రను పురుగు తొందరగా ముట్టదు. తాతలనాటి పడక్కుర్చీ, భోషాణం ఉంటే వాటికి సుద్దగీతల్లోనే చోటు పెట్టండి. భోషాణాన్ని టీపాయిగా వాడొచ్చు, ఎత్తు సోఫా సీటుకు మించనంతవరకు.

రంగులు, కర్టెన్లు

రంగు చివర్న, అదీ త్వరగా తేలిపోయే పని. నేల, సోఫా గుడ్డ వచ్చాకే రంగు. కార్డు మీది చిన్న గళ్లు చూసి తేల్చకండి. లప్పం, ప్రైమరు అయిన గోడ మీద రెండడుగుల చదరంగా మూడు రంగులు వేయించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు కింద చూడండి. మెట్ట ఊళ్లలో నేల దగ్గర ఎర్రదుమ్ము పట్టుకుంటుంది కాబట్టి కడిగినా పోని ఎమల్షన్ వేయించండి.

కర్టెన్ రాడ్డు కిటికీకి నాలుగైదు అంగుళాల పైన, రెండు పక్కలా ఎనిమిదేసి అంగుళాలు బయటికి. గుడ్డ వెడల్పు రాడ్డుకు రెట్టింపు ఉంటేనే కుచ్చు నిండుగా వస్తుంది. వెంకటగిరి నూలు చీరను కర్టెనుగా చేసుకోవాలని చాలామందికి ఉంటుంది. చీర ఐదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. తలుపెత్తు ముక్కలు రెండు వస్తాయి. సన్నటి నూలు పడమటి ఎండకు తొందరగా చివికిపోతుంది, కాబట్టి తూర్పు, ఉత్తరం కిటికీలకే, అదీ వెనక మల్లుగుడ్డ అస్తరు వేయించి. జరీ ఉప్పుగాలికి నల్లబడుతుంది. అమ్మమ్మ చీర మాత్రం కత్తిరించకండి. నేతలోనే బొమ్మలు అల్లే జాందానీ పని ఉన్న పైట కొంగు వెలికి వచ్చేలా మడిచి అద్దంతో ఫ్రేము కట్టించుకోండి, చీర చీరగానే ఉంటుంది.

గోడమీద మన ఊరు

గోడంతా నింపక్కర్లేదు. ఒక్క గోడ ఎంచుకోండి. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చూశారా? ఇళ్లలోనే కూర్చుని చేత్తో చెక్కుతారు. పిడుల మీద సన్నటి చెక్కడం వేలితో తడిమితేనే తెలుస్తుంది. ఫలానా ఊరి పనేనని ఇచ్చే జీఐ గుర్తింపు ఉన్న పని అది. రెండంగుళాల లోతున్న అద్దాల పెట్టెలో వేర్వేరు సైజులు ఐదారు వరుసగా అమర్చితే డైనింగు వైపు గోడకు ఇంకేమీ అక్కర్లేదు. వార్నిష్ వేయకండి. ఏడాదికోసారి కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే చాలు.

మార్కాపురం పలకరాయిని అందరూ వీధి గోడకు అతికిస్తారు. గరుకు ముఖం కాబట్టి హాల్లో అయితే దుమ్ము పట్టి తుడవలేం. దానికన్నా నడవ గోడకు, నేల నుంచి రెండడుగుల పైన మొదలుపెట్టి నునుపు పలకలు ఒక పట్టీగా బిగించి, కింద బలపాలకు చిన్న చెక్కగట్టు పెట్టించండి. పిలకాయలు గోడలన్నీ వదిలి అక్కడే గీస్తారు. ఏసీకి, సోఫాకు దూరంగా పెట్టండి, బలపం పొడి రాలుతుంది.

ఏది ఎప్పుడు కొనాలి

గృహప్రవేశానికి ముందు సోఫా తేకండి. ఆ రోజు హాల్లో హోమం, ఆవుదూడ, పీటలు, వందమంది కాళ్లు. ఫ్యాన్లు, లైట్లు బిగించి, చాపలు పరిచి ఉంచితే సరిపోతుంది. కాపురం మారిన నెలకు, ఏ మూల ఎంత వెలుతురో కళ్లకు అలవాటయ్యాక, సుద్దగీతల ఫొటో బయటికి తీసి సోఫా. ఆ తర్వాత కర్టెన్లు. పటాలు, కుషన్లు, తివాచీ దసరాకో సంక్రాంతికో ఒక్కొక్కటిగా.

సోఫాకు అడ్వాన్సు ఇచ్చేముందు మీ మెట్ల మలుపు వెడల్పు, లిఫ్టు లోపలి ఎత్తు, వీధి తలుపు వెడల్పు కొలుచుకుని కొట్టుకు పట్టుకెళ్లండి. ఏడడుగుల సోఫా రెండో అంతస్తు మలుపులో ఇరుక్కుంటే తాళ్లేసి బాల్కనీ మీదుగా లాగడమే దారి, గ్రిల్లు బిగించేస్తే అదీ లేదు. కాళ్లు, చేతులు విడదీసి బిగించే రకం చేయించుకుని, పైకి మోసే కూలీ, బిగించే కూలీ ధరలోనే కలిసి ఉన్నాయని బిల్లు మీద రాయించుకోండి.